నమూనాకూ ఆర్డరుకూ నడుమ

రక్షణ పరిశోధనలో ప్రభుత్వ, ప్రైవేటు సమన్వయం: ఆచార్య సూరి భగవంతం స్మారకోపన్యాస పాఠం

భగవంతంగారి స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసానికి రక్షణ పరిశోధనను అంశంగా ఎంచుకోవడానికి కారణం ఆయన జీవితంలోనే ఉంది. 1909లో కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన ఆయన కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర కాంతి పరిక్షేపణం మీద పనిచేశారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భౌతికశాస్త్రం బోధించారు, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌ను నడిపారు. 1961 నుంచి 1969 దాకా రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా ఉన్నారు. చైనాతో, పాకిస్థాన్‌తో రెండు యుద్ధాలు జరిగిన కాలమది. హైదరాబాదులో క్షిపణులకు డీఆర్‌డీఎల్, లోహాలకు డీఎంఆర్‌ఎల్, ఎలక్ట్రానిక్ యుద్ధ సాధనాలకు డీఎల్‌ఆర్‌ఎల్ వేళ్లూనుకున్నదీ అప్పుడే. 1963లో హోమీ భాభా అధ్యక్షతన ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కమిటీలో విక్రమ్ సారాభాయ్, ఏఎస్ రావుగార్లతోపాటు ఆయన కూడా సభ్యులు. ప్రయోగశాలలో పుట్టిన వస్తువును ఎవరు తయారు చేయాలి, ఎవరు కొనాలి అన్న ప్రశ్న ఆ తరం ముందుకు వచ్చింది. తయారీ, కొనుగోలు రెండూ ప్రభుత్వమే చేయాలన్నది వారి కాలం ఇచ్చిన జవాబు. ఆ జవాబు మారి పాతికేళ్లు కావస్తోంది. మారినది సగమేనని, మిగిలిన సగం దగ్గరే మన చిక్కంతా ఉందని ఈ ఉపన్యాసంలో వాదిస్తాను.

సమన్వయం అనగానే మనకు వినిపించే జాబితా ఒకటుంది. ప్రయోగశాలల తలుపులు తెరవాలి, పరీక్షా కేంద్రాలను కంపెనీలకు అందుబాటులో ఉంచాలి, పేటెంట్లను రుసుము లేకుండా ఇవ్వాలి, స్టార్టప్‌లకు గ్రాంట్లు ఇవ్వాలి. ఇవన్నీ మంచివే, గత పదేళ్లలో చాలావరకు జరిగినవే. రక్షణ పరిశోధన నిధుల్లో 25 శాతాన్ని పరిశ్రమలకు, స్టార్టప్‌లకు, విద్యాసంస్థలకు తెరుస్తామని 2022-23 బడ్జెట్ ప్రకటించింది. అయితే ఈ జాబితా అంతా ఇచ్చేవాడి వైపు నుంచి తయారైంది. కొనేవాడి ఊసు ఇందులో లేదు. సబ్బుబిళ్లనో ఫోనునో కనిపెట్టినవాడికి ఒకరు కాకపోతే మరొకరు కొంటారు. ఫిరంగిని అంగట్లో పెట్టి అమ్ముకోలేం. దేశంలో దానికి ఒక్కడే కొనుగోలుదారు, అది ప్రభుత్వం. విదేశానికి అమ్మాలన్నా ఆ ప్రభుత్వం అనుమతే కావాలి. పైగా విదేశీ సైన్యాలు మొదట అడిగేది మీ సైన్యం దీన్ని వాడుతోందా అనే. కాబట్టి కొనేవాడు ఒక్కడే ఉన్నచోట సమన్వయానికి ప్రాణం ఆ కొనేవాడు ముందుగా ఇచ్చే మాట. ఏది, ఎంత, ఎప్పటిలోగా, ఏ పరీక్ష నెగ్గితే కొంటాడో చెప్పే మాట అది. అది లేకపోతే తక్కిన సదుపాయాలన్నీ కలిసి మంచి నమూనాలను తయారు చేయగలవు గాని ఆయుధాలను తయారు చేయలేవు.

ప్రభుత్వమే అంతా చేయాలన్న పాత విధానాన్ని ఇప్పుడు తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు. 1956 పారిశ్రామిక విధాన తీర్మానం ఆయుధాలను పూర్తిగా ప్రభుత్వానికే ఉంచింది. ఆనాడు ప్రైవేటు పెట్టుబడి పలచన, విదేశీ సాంకేతికత దొరకడం దుర్లభం. 1973లో హైదరాబాదులో ప్రభుత్వ లోహ సంస్థ మిధానిని స్థాపించినప్పుడు అణుశక్తికి, అంతరిక్షానికి, రక్షణకు కావలసిన ప్రత్యేక మిశ్రలోహాల గిరాకీ టన్నుల్లో చూస్తే స్వల్పం, ఖర్చు చూస్తే అపారం. లాభం లెక్క చూసుకునే ఏ కంపెనీ ఆ కొలిమిని వెలిగించేది కాదు. 1983లో పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్, నాగ్ అనే ఐదు క్షిపణులతో మొదలైన కార్యక్రమం, 1987లో సంపన్న దేశాలు క్షిపణి సాంకేతికత మీద ఆంక్షలు విధించాక కూడా నిలబడిందంటే ఇలాంటి సంస్థలే కారణం. అప్పుడు కూడా ప్రైవేటు రంగం బయట లేదు. 1970లో బాలానగర్‌లో మొదలైన ఎంటార్ లాంటి సంస్థలు అణు, అంతరిక్ష, రక్షణ రంగాలకు సూక్ష్మ భాగాలు చేసి ఇచ్చాయి. కాని వాటి పాత్ర గీసిన బొమ్మ ప్రకారం భాగం చేసి ఇవ్వడం వరకే. 2001లో ప్రభుత్వం రక్షణ ఉత్పత్తిని లైసెన్సు మీద ప్రైవేటు రంగానికి తెరిచింది. 2021 అక్టోబరులో 41 ఆయుధ కర్మాగారాలను ఏడు కంపెనీలుగా మార్చింది. మెదక్ కర్మాగారం అలాగే ఒక కంపెనీ కిందికి వెళ్లింది. తయారుచేసేవాడి రూపం ఇలా మారుతూ వచ్చింది. కొనేవాడి పద్ధతి అంత వేగంగా మారలేదు.

దీనికి నాకు తెలిసినంతలో బలమైన సాక్ష్యం రెండు ఫిరంగుల కథ. మొదటిది మనది. ప్రభుత్వ రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోకు పుణేలో ఉన్న ప్రయోగశాల ఏఆర్‌డీఈ 2013లో 155 మిల్లీమీటర్ల లాగుడు ఫిరంగి, అంటే అటాగ్స్, రూపకల్పన చేపట్టింది. భారత్ ఫోర్జ్, టాటా సంస్థలను అభివృద్ధి దశలోనే భాగస్వాములుగా తీసుకుంది. కాగితం మీద ఇంతకన్నా మంచి సమన్వయం ఉండదు. రూపకల్పన జ్ఞానం ప్రభుత్వానిది, ఉక్కు, యంత్రశాల, కొంత పెట్టుబడి కంపెనీలవి, పైగా ఒకటికి ఇద్దరు పోటీదారులు. 2017లో పోఖ్రాన్‌లో దాని గుండు సుమారు 48 కిలోమీటర్లు వెళ్లింది. ఆ తరగతి ఫిరంగుల్లో అది పెద్ద వార్త. 2018 ఆగస్టులో రక్షణ కొనుగోళ్ల మండలి 150 ఫిరంగులు అవసరమేనని అంగీకరించింది. 2020లో ఒక పరీక్షలో గొట్టం పేలి మనుషులు గాయపడ్డారు, పరీక్షలు ఆగి మళ్లీ మొదలయ్యాయి. బరువు ఎక్కువన్న అభ్యంతరం సైన్యం నుంచి వస్తూనే ఉండేది. 2023 మార్చిలో మండలి మళ్లీ అంగీకారం తెలిపింది, ఈసారి 307 ఫిరంగులకు. చివరికి 2025 మార్చిలో లాగుడు బండ్లతో కలిపి సుమారు రూ.6,900 కోట్లకు కాంట్రాక్టులు కుదిరాయి. పోఖ్రాన్ పరీక్ష నుంచి ఎనిమిదేళ్లు! పెళ్లిచూపులకు వచ్చి, పిల్ల నచ్చిందని రెండుసార్లు చెప్పి, ముహూర్తం మాత్రం పెట్టని వియ్యాలవారి తీరు ఇది. ఆ ఎనిమిదేళ్లూ రెండు కంపెనీలు తమ ఇంజనీర్లను, యంత్రాలను ఎంత కొంటారో, అసలు కొంటారో లేదో తెలియకుండానే కాచుకోవలసి వచ్చింది.

రెండోది దక్షిణ కొరియాది. అక్కడ ఏడీడీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ 1970లో ఏర్పడింది. అది శాంసంగ్ కంపెనీతో కలిసి 1989లో కే9 అనే స్వయంచాలిత ఫిరంగి పని మొదలుపెట్టింది. 1996లో తొలి నమూనా, 1998 డిసెంబరులో సైన్యంతో కాంట్రాక్టు, 1999లో దళాలకు సరఫరా. వెయ్యికి పైగా కొరియా సైన్యానికే చేరాయి. ఆ తరవాత తుర్కియే, ఫిన్లాండ్, నార్వే, ఈజిప్టు, పోలండ్ లాంటి దేశాలు కొన్నాయి. మనమూ కొన్నాం. 2017లో ఎల్ అండ్ టీ సంస్థకు వజ్ర పేరిట 100 ఫిరంగుల ఆర్డరు ఇచ్చాం, గుజరాత్‌లోని హజీరాలో వందో ఫిరంగి 2021 ఫిబ్రవరికే తయారైంది. 2024 డిసెంబరులో మరో వందకు రూ.7,628 కోట్ల కాంట్రాక్టు చేసుకున్నాం. ఇక్కడ ఆగి ఆలోచించాలి. రెండు దేశాల్లోనూ రూపకల్పన చేసింది ప్రభుత్వ ప్రయోగశాలే, తయారీకి దిగింది ప్రైవేటు కంపెనీయే. రూపకల్పనకు కొరియాకే ఏడేళ్లు పట్టింది, కాబట్టి వాళ్ల శాస్త్రవేత్తలు మనవాళ్లకన్నా గొప్పవాళ్లని దీన్నిబట్టి అనలేం. తేడా అంతా నమూనాకూ ఆర్డరుకూ మధ్య ఉంది. అక్కడ రెండేళ్లు, ఇక్కడ ఎనిమిది. వజ్ర మరో సంగతి కూడా చెబుతోంది. ఆర్డరు చేతిలో ఉంటే మన ప్రైవేటు కంపెనీ నాలుగేళ్లు నిండకముందే వంద ఫిరంగులు ఇవ్వగలిగింది. కాని ఆ ఫిరంగి రూపకల్పన కొరియాది. అంటే మరో దేశపు ప్రభుత్వ, ప్రైవేటు సమన్వయం పండించిన పంటను మనం డబ్బిచ్చి తెచ్చుకుంటున్నాం.

ఈ పోలికలో బెసుకులున్నాయని ఒప్పుకోవాలి. కే9 తనంత తాను కదిలేది, అటాగ్స్ లాగితే కదిలేది. కే9 ఇంజను జర్మనీది. కొరియాకు కూతవేటు దూరంలో ఫిరంగులు గురిపెట్టిన శత్రువు ఉంది, నిర్ణయాన్ని వాయిదా వేసే విలాసం వారికి లేదు. అయినా ఆర్డరు లేని సాంకేతికత ఏమవుతుందో చెప్పడానికి మన చరిత్రే చాలు. 1986లో 410 బోఫోర్స్ ఫిరంగులు కొన్నప్పుడు వాటిని ఇక్కడ తయారు చేసుకునేందుకు రూపపత్రాలు కూడా ఒప్పందంలో భాగంగా వచ్చాయి. ముడుపుల వివాదం రేగడంతో అవి మూలనపడ్డాయి. ఆ పత్రాల ఆధారంగా జబల్‌పూర్ కర్మాగారం ధనుష్ ఫిరంగిని తయారు చేసేసరికి పాతికేళ్లు గడిచిపోయాయి. సాంకేతికత బదిలీ అయింది, రుసుము చెల్లించాం, కర్మాగారం ఉంది, పనివాళ్లున్నారు. ఆర్డరు లేదు, అంతే. ఆ కర్మాగారం పూర్తిగా ప్రభుత్వానిదే కాబట్టి ఈ జబ్బు ప్రైవేటు రంగానికే పరిమితం కాదు. క్షిపణుల్లో ఆకాశ్ కూడా అదే చెబుతుంది. 1983లో మంజూరై, 1990లో తొలిసారి ఎగిరి, 2015లో గాని సైన్యంలోనూ వైమానిక దళంలోనూ లాంఛనంగా చేరలేదు.

స్టార్టప్‌ల విషయానికి వద్దాం. 2018లో మొదలైన ఐడెక్స్ పథకం నిజంగా మంచి ఆలోచన. త్రివిధ దళాలు తమ సమస్యలను బహిరంగంగా చెబుతాయి, చిన్న సంస్థలు పరిష్కారంతో ముందుకొస్తాయి, కోటిన్నర రూపాయల వరకు గ్రాంటు వస్తుంది. తరవాత దాన్ని రూ.10 కోట్ల దాకా, అదితి పథకం కింద రూ.25 కోట్ల దాకా పెంచారు. రక్షణశాఖ 2025 తొలినాళ్లలో చెప్పిన లెక్క ప్రకారం 430 ఒప్పందాలు కుదిరాయి, దళాలు 43 రకాల వస్తువులను రూ.2,400 కోట్లకు పైగా విలువకు కొన్నాయి. మొన్నమొన్న మొదలైన ప్రాజెక్టులు కూడా ఆ 430లో ఉన్నాయి, పరిశోధనలో కొన్ని విఫలం కావడం సహజం. అందుచేత పదింట ఒకటి అనే నిష్పత్తిని వైఫల్యంగా చూడను. కాని నమూనా నెగ్గిన సంస్థకు తరవాతి దశ ఏమిటన్నది గ్రాంటు పత్రంలోనే స్పష్టంగా ఉండాలి. అమెరికా 1982లో చిన్న సంస్థల కోసం తెచ్చిన ఎస్‌బీఐఆర్ పథకంలో తొలి రెండు దశలు నెగ్గిన వస్తువును మళ్లీ టెండరు పిలవకుండా నేరుగా కొనే వీలు ఉంది. అక్కడ కూడా చాలా సంస్థలు మధ్యలో రాలిపోతాయి. అయినా దారి ఎక్కడికి పోతుందో ముందే తెలుసు. మన చిన్న సంస్థకు ఒకటి రెండు కోట్ల గ్రాంటు కన్నా నమూనా తరవాతి రెండేళ్ల జీతాలే పెద్ద సమస్య.

ఎగుమతుల లెక్క దీనికి మరో కోణం చూపిస్తుంది. 2024-25లో దేశ రక్షణ ఉత్పత్తి సుమారు రూ.1.51 లక్షల కోట్లు, అందులో ప్రైవేటు వాటా నాలుగో వంతుకు లోపే. అదే ఏడాది రూ.23,622 కోట్ల ఎగుమతుల్లో ప్రైవేటు వాటా రూ.15,233 కోట్లు, దాదాపు మూడింట రెండు వంతులు. హైదరాబాదు శివారు ఆదిబట్లలో బోయింగ్ భాగస్వామ్యంతో అపాచీ హెలికాప్టర్ల కాయాలు, లాక్‌హీడ్ భాగస్వామ్యంతో సీ-130జే రవాణా విమానాల తోకభాగాలు తయారవుతున్నాయి. ఏళ్ల తరబడి సాగే ఖచ్చితమైన ఆర్డరు ఎదుట ఉంటే మన కంపెనీలు, మన ఐటీఐ పిల్లలు ప్రపంచస్థాయి నాణ్యత ఇవ్వగలరని దీనివల్ల తేలింది. కాని ఆ రూపకల్పన ఇక్కడిది కాదు. తయారీకి ఆర్డరు ఇచ్చే కొనుగోలుదారు దొరికాడు కాబట్టి తయారీ పెరిగింది. రూపకల్పనకు అలాంటి మాట ఇచ్చే కొనుగోలుదారు దొరకలేదు కాబట్టి పరిశోధన అంతగా పెరగలేదు.

ఇక అభ్యంతరాలు. ఆలస్యానికి అసలు దోషి ప్రయోగశాలేనని, కొనేవాడిని నిందించడం తగదని కొందరంటారు. 2022లో కాగ్ ఇచ్చిన నివేదిక పరిశీలించిన 178 డీఆర్‌డీవో ప్రాజెక్టుల్లో 119 మొదట అనుకున్న గడువు దాటాయి. ఇది చిన్న సంగతి కాదు, డీఆర్‌డీవో సంస్కరణ కోసం 2023లో విజయరాఘవన్ కమిటీని వేయడం సబబే. కాని గడువు ఎందుకు దాటుతుందో కూడా చూడాలి. కొనేవాడు కట్టుబడి లేనప్పుడు తన కోరికలను మధ్యలో మార్చుకోవడానికి అతనికి ఖర్చేమీ లేదు. కోరికలు మారితే నమూనా మారుతుంది, నమూనా మారితే పరీక్షలు మొదటికొస్తాయి. ఫలానా తేదీకి ఇన్ని కొంటానని సంతకం పెట్టిన దళం కోరికలను ముందే కుదురుగా రాసుకుంటుంది. ఆ తేదీకి ఇవ్వలేకపోయిన ప్రయోగశాలకు సాకు మిగలదు. కొనేవాడి కట్టుబాటు ప్రయోగశాలను కాపాడే కవచం కాదు, అది దాన్ని నిలదీసే ఆధారం.

ముందే కొంటానంటే పోటీ చచ్చిపోతుందని, అయినవారికి కట్టబెట్టడానికి దారి తెరుస్తుందని మరో అభ్యంతరం. బోఫోర్స్ తరవాత ఈ భయం మన కార్యాలయాల గోడల్లోకి ఇంకిపోయింది. అతి తక్కువ ధర చెప్పినవాడికే కాంట్రాక్టు అనే నియమం ఆ భయానికి దొరికిన ఆశ్రయం. తయారైన వస్తువును కొనేటప్పుడు ఆ నియమం సరే. పరిశోధనకు వర్తింపజేస్తే, ఐదేళ్లు సొంత డబ్బు పెట్టి రూపకల్పన చేసినవాడూ, నిన్న వచ్చి బొమ్మ అందుకున్నవాడూ ఒకే గాటన పడతారు. రెండోవాడే తక్కువ చెప్పగలడు. అటాగ్స్‌లో చివరికి చేసిన ఏర్పాటు ఇక్కడ దారి చూపుతుంది. ఇద్దరు అభివృద్ధిదారుల్లో తక్కువ ధర చెప్పినవారికి 60 శాతం, రెండోవారికి 40 శాతం. పోటీ నిలిచింది, కష్టపడినవాడు వట్టిచేతులతో పోలేదు. ఇదే షరతు 2013లోనే, ఫిరంగుల సంఖ్యతో సహా, రాసి ఉంటే అక్రమానికి చోటు పెరిగేదా? నాకు తోచినంతలో తగ్గేది. అక్రమం పుట్టేది నియమం ముందుగా తెలియనిచోట, ఆట మధ్యలో మార్చే అధికారం ఒకరి చేతిలో ఉన్నచోట.

గోప్యత మాటేమిటన్నది మూడో ప్రశ్న. రహస్యం ప్రభుత్వ ప్రహరీ లోపలే క్షేమమని నమ్మేవారికి విశాఖపట్నమే జవాబు. 2009 జూలైలో అక్కడ జలప్రవేశం చేసిన అరిహంత్ మన తొలి అణు జలాంతర్గామి, దేశంలోకెల్లా గుట్టుగా సాగిన ప్రాజెక్టుల్లో ఒకటి. దాని కాయపు భాగాలు చేసింది ఎల్ అండ్ టీ అనే ప్రైవేటు కంపెనీ. ఆ పని ప్రైవేటు చేతికి వెళ్లినందువల్ల ప్రాజెక్టు దెబ్బతినలేదు. అది సాగడానికి రెండు కారణాలు కనిపిస్తాయి. ఎవరికి ఎంత తెలియాలో గీత గీసుకున్నారు, కొనేవాడు పని పూర్తయ్యేదాకా వదలడని అందరికీ తెలుసు. రక్షణ గోప్యతకు కావలసింది కట్టుదిట్టమైన తనిఖీ, అది యాజమాన్యాన్ని బట్టి ఉండదు.

నాలుగో అభ్యంతరం మరింత బలమైనది. మన ప్రైవేటు కంపెనీలు పరిశోధన మీద ఖర్చు పెట్టవు, ప్రభుత్వం తయారుచేసిన రూపపత్రాలు అందుకుని లాభం చేసుకుంటాయన్నది ఆ విమర్శ. ఇందులో చాలా నిజముంది. దేశం మొత్తం పరిశోధన ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం దగ్గర ఉంది, అందులో ప్రైవేటు వాటా సగానికి బాగా తక్కువ. రక్షణతో సంబంధం లేని, కొనేవాళ్లు కోట్లమంది ఉన్న రంగాల్లోనూ ఇదే తీరు కాబట్టి, ఆర్డరు ఖాయం చేస్తే కంపెనీలన్నీ రాత్రికిరాత్రి ప్రయోగశాలలు కట్టేస్తాయని నేను చెప్పను. అందుకే కొంటానన్న మాటకు షరతు జతచేయాలి. 2016 నుంచి మన కొనుగోలు నియమాల్లో దేశంలోనే రూపొంది, అభివృద్ధయి, తయారైన వస్తువులకు ప్రథమ ప్రాధాన్యం ఉంది. ఆ వర్గంలోకి రావాలంటే కంపెనీ తన రూపకల్పన బృందాన్ని, పరీక్షల దాఖలాలను చూపించాలని పట్టుబట్టవచ్చు. పరిశోధన చేయనివాడికి భాగాల తయారీ మిగులుతుంది, చేసినవాడికి ఆర్డరు దక్కుతుంది. మాటకు విలువ వచ్చేది దాన్ని అందరికీ ఇవ్వనప్పుడే.

చివరి అభ్యంతరాన్ని ఆర్థికశాస్త్రం తీర్చలేదు. ఆయుధాల్లో లాభం ఉన్న కంపెనీలు పెరిగేకొద్దీ ఏది ముప్పు, ఏది కాదు అన్న నిర్ణయంలో వారి గొంతు పెరుగుతుంది. 1961లో అమెరికా అధ్యక్ష పదవి వదులుతూ ఐసెన్‌హోవర్ చేసిన హెచ్చరిక ఇదే. ఆయన స్వయంగా సేనాపతి కాబట్టి దాన్ని కొట్టిపారేయలేం. ప్రభుత్వ కర్మాగారాలకు కూడా ఉద్యోగాల కోసం ఆర్డర్లు కోరే ప్రయోజనం ఉంటుందన్నది నిజమే అయినా అది పూర్తి జవాబు కాదు. నా జవాబు ఇది: అవసరాన్ని నిర్ణయించే బల్ల దగ్గర అమ్మేవాడికి కుర్చీ ఉండకూడదు. దళాల అవసరాలు దళాలే రాయాలి, పార్లమెంటు స్థాయీ సంఘం చూడాలి. ముందుగా, బహిరంగంగా ఇచ్చిన కొనుగోలు మాట చీకట్లో జరిగే బేరంకన్నా ప్రజాస్వామ్యానికి సులువుగా లొంగుతుంది, ఎందుకంటే దాన్ని ఎవరైనా ప్రశ్నించవచ్చు.

2025-26 బడ్జెట్లో రక్షణకు కేటాయించిన సుమారు రూ.6.81 లక్షల కోట్లలో డీఆర్‌డీవో వాటా దాదాపు రూ.26,817 కోట్లు, అంటే నాలుగు శాతానికి కాస్త తక్కువ. ఆ వాటా పెంచమని అడగడం సులువు, అడగాలి కూడా. కాని డబ్బు పెంచకుండానే చేయగల పనులు మూడున్నాయి. కంపెనీల భాగస్వామ్యంతో చేపట్టే ప్రతి పెద్ద ప్రాజెక్టు మంజూరు పత్రంలోనే తొలి ఆర్డరు సంఖ్యను, నెగ్గవలసిన పరీక్షలను, పోటీదారుల మధ్య పంపకాన్ని రాయాలి. సైన్యం పరీక్షలు ముగిసిన ఏడాదిలోగా కొంటున్నామనో వద్దనో లిఖితంగా చెప్పాలి, వద్దంటే కారణాలు చెప్పాలి. నమూనా నెగ్గిన తేదీకీ కాంట్రాక్టు తేదీకీ మధ్య గడిచిన కాలాన్ని ప్రాజెక్టువారీగా ఏటా పార్లమెంటు ముందుంచాలి. ప్రయోగశాల ఆలస్యాన్ని లెక్కగట్టే దేశం కొనుగోలు ఆలస్యాన్ని కూడా లెక్కగట్టాలి. ఈ మూడింటిలో నేను ఎక్కువ విలువిచ్చేది రెండోదానికి, అందులోనూ వద్దు అనే మాటకు. వేళకు వద్దనిపించుకున్న కంపెనీ నష్టాన్ని లెక్కవేసుకుని మరో పనిలో పడుతుంది, ప్రయోగశాల తన శాస్త్రవేత్తలను మరో సమస్య మీదికి మళ్లిస్తుంది. ఏళ్ల తరబడి ఏ మాటా వినని సంస్థ మాత్రం మళ్లీ ఎప్పుడూ సొంత డబ్బుతో ప్రభుత్వం గడప తొక్కదు. రక్షణ పరిశోధనలో ప్రైవేటు రంగం నిలవాలంటే ప్రభుత్వం ఉదారంగా ఉండనక్కర్లేదు, మాట మీద నిలబడితే చాలు.